లేని గీత

కిందటి వారం గీతాచార్యుల్ని ఎత్తిన కలంతో వదిలేశాం. ఏడు రోజులుగా ఆ చెయ్యి గాలిలోనే ఉంది పాపం. ముందు దాన్ని దింపాలి.

దింపేలోపల, ఈ కథలోకి ఇప్పుడే విమానం దిగినవారి కోసం నాలుగు ముక్కలు. ఇది సముద్రం మధ్య ఉన్న సెలవుల దీవి. జనం ఇక్కడికి దీవెనలకి రారు, ఈతలకి వస్తారు. విమానాశ్రయంలో కార్లు అద్దెకిచ్చే కౌంటర్లు అయిదు. అయిదోది, ఎనిమిదే ఎనిమిది కార్లతో బతుకు బండి లాగించేది, గీతాచార్యుల అక్క మొగుడిది. బావ వెనక గాజు గదిలో కూర్చుంటాడు, బావమరిది ముందు కౌంటర్లో నిలబడతాడు. కారు ఇచ్చేముందూ, తిరిగి పుచ్చుకునేటప్పుడూ దాని చుట్టూ తిరిగి, ఎక్కడ గీత పడిందో, ఎక్కడ సొట్ట పోయిందో చూసి, కారు బొమ్మ అచ్చు వేసిన కాగితం మీద సరిగ్గా అక్కడ ఇంటూ గుర్తు పెట్టడం అతని ఉద్యోగం. నుదుటి గీతలు చదివేవాళ్లు ఎక్కడైనా దొరుకుతారు. బంపరు గీతలు చదవగలవాడు దీవి మొత్తానికి ఇతనొక్కడే. అందుకే పక్క కౌంటర్లవాళ్లు ఆ పేరు తగిలించారు. కన్నవాళ్లు పెట్టిన పేరు ఇప్పుడు అతనికే గుర్తు తెచ్చుకుంటే గానీ రాదు.

నలభై రెండు రోజుల కిందట ఒక తండ్రీ కూతురూ ఈ కౌంటర్లో తెల్ల కారు తీసుకున్నారు. కూతురు నడిపింది. దీపస్తంభం వైపు దిగే కొండదారిలో, మూడో మలుపు దగ్గర, వానలో కారు జారి రాతిగోడకి గుద్దుకుంది. తండ్రి పోయాడు. పోలీసులు వాన, మలుపు, వేగం అని మూడు మాటలు రాసుకుని వెళ్లిపోయారు. నాలుగో మాట గీతాచార్యులికి తెలుసు. క్రేను ఆ తుక్కుని తెచ్చి యార్డులో దింపినప్పుడు అతను అలవాటుకొద్దీ చుట్టూ తిరిగి, వెనక ఎడమ టైరు మీద బొటనవేలు ఆనించాడు. వేలు ఎక్కడా తట్టుకోకుండా జారిపోయింది. బావకి చెప్పాడు. మర్నాటికి కారు పాత ఇనుములోకి వెళ్లిపోయింది, వారానికల్లా దాని చోట్లోకి ఇంకో కారు వచ్చేసింది. మాట మాత్రం గీతాచార్యుల గొంతులో ఇరుక్కుపోయింది.

ఇక కిందటి వారం చివర జరిగింది. పదిన్నర విమానం దిగిన జనంలోంచి ఒకావిడ కౌంటరు దగ్గరికి వచ్చింది. ఎన్నాళ్లకి కావాలమ్మా కారు అంటూ ఇతను కొత్త కాగితం తీసి కలం ఎత్తాడు. ఆవిడ ఆ కాగితం మీద ఒక పాత కాగితం పెట్టింది. అందులో ఇంటూలన్నీ ఇతనివే.

కలం దించాడు. గళం మాత్రం పెగల్లేదు.

"ఈ సంతకం మీదేనా?" అంది ఆవిడ.

"నాదేనమ్మా."

"పక్కది మావారిది."

యాభైకి అటూ ఇటూగా ఉంటుంది. చుట్టూ ఉన్నవాళ్లందరూ రంగురంగుల టోపీలు పెట్టుకుని, ఎండ తగలకముందే ఎండకి రాసుకునే క్రీము వాసన కొడుతున్నారు. ఆవిడ మాత్రం నలిగిన ముదురు నీలం బట్టల్లో, ఆఫీసు పనిమీద వచ్చినట్టు నిలబడింది. కళ్లలో నీళ్లు లేవు. నిద్ర కూడా లేదు. సంచీలోంచి కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకుంది. చూపుడువేలి పక్కన ఎర్రసిరా మరక.

"నేను లెక్కల టీచర్ని. ఇరవై రెండేళ్లుగా పేపర్లు దిద్దుతున్నాను. పిల్లలు కాపీ కొడితే ఎలా పట్టుకుంటామో తెలుసా మీకు?"

"తెలీదమ్మా."

"ఒప్పులు చూసి కాదు. ఒప్పు అందరికీ ఒకేలా వస్తుంది. కాపీ కొట్టేవాడు పక్కవాడి తప్పు కూడా దించేస్తాడు. ఆ తప్పు చూసి పట్టుకుంటాం."

సంచీలోంచి ఇంకొకటి తీసింది. పెద్దగా ముద్రించుకున్న ఫొటో. యార్డులో తెల్ల కారు, వెనక ఎడమ తలుపుకి ఆనుకుని ఒక అమ్మాయి. మెడలో కొత్త కెమెరా, మొహంలో కొత్త లైసెన్సు వచ్చిన ధీమా. తలుపు అద్దంలా తళతళలాడుతోంది. ఫొటో తీస్తున్న మనిషి నీడ కూడా అందులో పడింది. తల లేదు, ఎత్తిన రెండు మోచేతులు మాత్రం కనపడుతున్నాయి.

"బయలుదేరేముందు మావారు నాకు పంపించారు. నాకు స్కూల్లో రెండు రోజుల పని ఉండిపోయింది, తరవాత విమానంలో వద్దామనుకున్నాను. ఇప్పుడు మీ కాగితం చూడండి. వెనక ఎడమ తలుపు మీద ఇంటూ పెట్టారు. జానెడు గీత అని రాశారు." వేలు ఫొటో మీదికి జరిగింది. "ఈ తలుపు మీద ఆ గీత ఎక్కడుంది?"

గీతాచార్యులు చూశాడు. ఎనిమిది కార్ల మీద అరవై మూడు గీతలు. కళ్లు మూసుకుని ఒక్కోదాని పొడుగూ వయసూ చెప్పగలడు. కస్టమరు గోరు తగిలిన గీతని కూడా ఎండలో పట్టుకునే కన్ను అది. ఇన్నేళ్ల నౌకరీలో ఉన్న గీతని చూడలేదని ఎవరూ అనలేదు. లేని గీతని చూశాడని మొదటిసారి ఒకరు అంటున్నారు.

ఉండేది. కారు అద్దెకి వెళ్లడానికి వారం ముందు దాకా అక్కడ జానెడు గీత ఉండేది. అతను సెలవులో ఉన్న రోజున పెయింటరు వచ్చి ఆ తలుపు మొత్తం కొత్తగా కొట్టి వెళ్లాడు. ఆ సంగతి గీతాచార్యులికి తెలియాలంటే ఒక్కసారి కారు చుట్టూ తిరిగి ఉండాలి. తిరగలేదు. సెలవుల మొదటి శనివారం. మూడు విమానాలు ఒకదాని తోక ఒకటి పట్టుకుని దిగుతాయి. గంటలో ఎనిమిది కార్లూ వెళ్లిపోవాలి. అందుకని ముందురోజు సాయంత్రమే స్టూలు మీద కూర్చుని, పాత కాగితాలు పక్కన పెట్టుకుని, ఎనిమిది కొత్త కాగితాలూ నింపేశాడు. ఇంటూకి ఇంటూ. అయిదు కౌంటర్లలోనూ శనివారాల వ్యవహారం ఇదే. చూడాల్సిన కారు ఎండలో ఉంటుంది, రాయాల్సిన కాగితం నీడలో ఉంటుంది. మనిషి నీడపట్టునే కదా ఉంటాడు.

"అమ్మా, అది..." అన్నాడు.

గాజు గది తలుపు తెరుచుకుంది. బావ బయటికి వచ్చాడు. ఎర్ర టై, ఇస్త్రీ చొక్కా, దాని మీద ఇస్త్రీ చేసిన నవ్వు. గాజు గదిలోనే కాపురం ఉన్నా బావ లోపల ఏముందో ఎవరికీ కనపడదు. బావ భావం బావకే ఎరుక.

"ఏమిటమ్మా, ఏమైనా ఇబ్బందా?"

ఆవిడ చెప్పింది, తనెవరో మాత్రమే. బావ మొహం ఎంతలో ముడుచుకోవాలో అంతలో ముడుచుకుంది.

"చాలా దారుణం జరిగిందమ్మా. మేం కూడా వారం రోజులు మనుషుల్లో లేం. కాకపోతే పోలీసులు అన్నీ రాశారు, ఇన్సూరెన్సువాళ్లు అన్నీ చూశారు. మీవాళ్లు బండి చూసుకునే సంతకం పెట్టి తీసుకెళ్లారు. ఆ రోజు టైరు గురించి గానీ, ఇంకోదాని గురించి గానీ మాకెవరూ ఒక్క మాట చెప్పలేదు."

ఆవిడ కళ్లజోడు పైనుంచి బావ వైపు చూసింది. క్లాసులో వెనక బెంచీ నుంచి మాట వినపడితే చూసే చూపు అది.

"టైరు మాట నేనెత్తలేదే," అంది.

బావ టై సర్దుకున్నాడు. మామూలుగా అన్నానమ్మా అన్నాడు. ఊరికే, ఉదాహరణకి అన్నాడు. లోపల ఫోన్ మోగుతోందన్నాడు. ఏమీ మోగడంలేదు. లోపలికి వెళ్లి తలుపేసుకున్నాడు.

కౌంటరు మీద కాగితం, ఫొటో, మధ్యలో ఆ మాట. ఆవిడ కాగితాన్ని దగ్గరికి లాక్కుని అడుగు వరస చదివింది. అక్కడ టైర్లు అని ఉంది, నాలుగు గళ్లు ఉన్నాయి, నాలుగింట్లోనూ రైట్లు ఉన్నాయి. నాలుగు రైట్లూ కలం ఎత్తకుండా ఒకే ఊపులో పడ్డాయి, అల వెనక అలలాగ.

"ఇది చూశాను గానీ దీని గురించి ఆలోచించలేదు," అంది మెల్లిగా, తనలో తను. తరవాత తల ఎత్తింది. "టైరు సంగతి తరవాత అడుగుతాను. దానికన్నా ముందు నాకు ఇంకోటి కావాలి మీ దగ్గర. మావారు ఆ రోజు కార్లోంచి ఫోన్ చేశారు. నవ్వు ఆపుకోలేకపోతున్నారు. కౌంటర్లో ఒకాయన ఉన్నాడే, మాటల పుట్ట, ఒక మాటన్నాడు, ఫోన్లో చెబితే పాడైపోతుంది, నువ్వొచ్చాక చెబుతాను అన్నారు. అది పదకొండున్నరకి. పన్నెండుంపావుకి ఎవరో చేశారు ఆ ఫోన్ నుంచే." కళ్లజోడు సర్దుకుంది. "ఆ మాటేమిటి?"

గీతాచార్యులు కలానికి మూత పెట్టాడు.

"వద్దమ్మా. ఏదో పిచ్చి వాగుడు. వచ్చినవాళ్లందరితోనూ వాగుతుంటాను."

"చెప్పండి. అది నాకు రావలసిన మాట. దారిలో ఆగిపోయింది."

పక్క కౌంటర్లో ఎవరో పిల్లల సీటు కావాలని గొడవ పెడుతున్నారు. సూట్‌కేసుల చక్రాలు నేల మీద గరగరమంటున్నాయి. గీతాచార్యులు కౌంటరు అంచుని రెండు చేతులతో పట్టుకున్నాడు. ఆ మాట అతను కొన్ని వందలసార్లు అన్నాడు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ కనుబొమ్మ ఎత్తాలో దానికి లెక్క ఉంది. ఇప్పుడు ఆగకుండా, ఎత్తకుండా, పోలీసు స్టేషన్లో వాంగ్మూలం ఇస్తున్నట్టు చెప్పాడు.

"మీవారు, కారు బాగుంటుందా అని అడిగారమ్మా. నేను, మా దీవిలో మూడు కార్లు సార్ అన్నాను. వానకారు, చలికారు, అద్దెకారు. మొదటి రెండూ పైవాడు పంపిస్తాడు, మూడోది మా బావ పంపిస్తాడు. పైవాడు తనవాటిని తనే వెనక్కి తీసుకుంటాడు. మా బావది మాత్రం మీరే కడిగి తెచ్చివ్వాలి. అదీ అన్నాను."

ఆవిడ నవ్వలేదు. పెదవి ఒక చివర కొంచెం కదిలింది, అంతే.

"మరి ఆయనేమన్నారు? ఆయన ఊరుకోరే. కళ్లజోళ్ల దుకాణంలో రోజంతా అదే పని. ఒకరు ఒక మాటంటే దానికి ఫ్రేము కట్టి తిరిగివ్వాలి ఆయనకి."

"అన్నారమ్మా. ఇంకో కారు మర్చిపోయారు అన్నారు. ఏదండీ అన్నాను. మీరు మాకు పరాయివారు కారు అన్నారు. అని చెయ్యి ఇచ్చారు."

"ఆయనే," అంది ఆవిడ. "అచ్చంగా ఆయనే."

కళ్లజోడు తీసేసింది. నీళ్లు అప్పుడు వచ్చాయి, చప్పుడు లేకుండా, ఒకదాని వెనక ఒకటి. తుడుచుకోలేదు. పోయిన మనిషి నలభై రెండు రోజుల తరవాత ఒక్క వాక్యం మాట్లాడినట్టయింది ఆవిడకి; అది అయిపోయేదాకా అడ్డు రాకూడదన్నట్టు నిలబడింది.

కాసేపటికి ఆవిడ అడిగింది, "ఆ తరవాత?"

"ఆ తరవాత, రండి సార్ కారు చూద్దాం అని నేననాలి. ఇద్దరం కలిసి చుట్టూ తిరగాలి. అది నా పని. అనలేదు. ఆయనే కాగితం చూసి, మీరు చూశారుగా, చాల్లెండి అన్నారు. సంతకం పెట్టేశారు."

"మీరు చూశారా?"

మూడు నిమిషాల పని అది. నాలుగు టైర్లకీ కలిపి ఒక నిమిషం కూడా పట్టదు. ఆ నవ్వులు నవ్వుకున్నంతసేపు కూడా పట్టదు.

"చూడలేదమ్మా," అన్నాడు గీతాచార్యులు. "కారు తిరిగొచ్చాక చూశాను. వెనక ఎడమ టైరు మొత్తం అరిగిపోయి ఉంది. వాన రోడ్డు మీద అది నిలవదు."

నలభై రెండు రోజులుగా గొంతులో ఉన్న మాట బయటికి వచ్చింది. వస్తే తేలిగ్గా ఉంటుందనుకున్నాడు. లేదు. ఆవిడ తిడుతుందనుకున్నాడు. తిట్టలేదు. కౌంటరు మీదున్న కొత్త కాగితం వెనక వైపు తిప్పి, దాని మీద ఏదో రాయబోయి, మానేసింది.

"మీ మీద కేసు పెట్టడానికి రాలేదు నేను," అంది. "అటు చూడండి. ఆ స్తంభం పక్కన, బెంచీ మీద."

చూశాడు. ఫొటోలోని అమ్మాయే. చూపించకపోతే పోల్చుకోలేకపోయేవాడు. కెమెరా లేదు, ధీమా లేదు, ఎడమ మణికట్టుకి పట్టీ ఉంది. బయటికి పోయే గాజు తలుపులకి వీపు పెట్టి కూర్చుంది. ఆ తలుపుల అవతల కార్లు నిలబడి ఉంటాయి కనుక.

"ఇరవై ఒకటి నిండింది. బస్సెక్కుతుంది, రైలెక్కుతుంది. కారు తలుపు చప్పుడైతే చెవులు మూసుకుంటుంది. ఆ రోజు గురించి ఒక్క ముక్క మాట్లాడదు. ఎవరు కదిపినా ఒకటే మాట, నేనే అమ్మా అంటుంది. స్పీడుగా వెళ్లావా అంటే నేనే. వాన ఎక్కువగా ఉందా అంటే నేనే. నీ తప్పు కాదే అని నలభైరోజుల్నించీ చెబుతున్నాను. నేను చెబితే అది అమ్మ ప్రేమ. మీరు చెబితే అది నిజం." కళ్లజోడు మళ్లీ పెట్టుకుంది. "ఈ లేని గీత పట్టుకుని వచ్చింది అందుకే. ఎవరో ఏదో చూడకుండా వదిలేశారని నాకు తెలిసింది. ఏమిటో తెలీదు. ఇప్పుడు తెలిసింది. వెళ్లి దానికి చెప్పండి."

కౌంటరు మీద ఫోన్ మోగింది. గీతాచార్యులు తీశాడు. రెండు గజాల అవతల, గాజు గదిలోంచి, ఇటు వీపు పెట్టి మాట్లాడుతున్నాడు బావ.

"ఒరేయ్, ఆవిడేమన్నా తల ఊపు, నోరు ఊపకు. అర్థమైందా? ఇప్పుడే మీ అక్క చేసింది. నీకిష్టమని ఏదో వండుతోందట, తొందరగా రమ్మంది. ఆ పొయ్యి రేపు కూడా వెలగాలా వద్దా, నువ్వే చూసుకో."

ఫోన్ పెట్టేశాడు గీతాచార్యులు.

బావకి ఎక్కడ నొక్కాలో తెలుసు. హారను నొక్కినట్టు నొక్కుతాడు. అమ్మ పోయేనాటికి గీతాచార్యులికి ఏడేళ్లు, అక్కకి పదిహేను. తన జడ తను వేసుకోవడం మానేసి వీడి తల దువ్వింది. పెళ్లిచూపుల్లో, మా తమ్ముడు నాతోనే ఉంటాడు అన్న ఒక్క షరతు పెట్టింది. ఆ షరతుకి ఒప్పుకున్న మనిషి బావ. అదీ నిజమే. ఇతనికి పాత కంపెనీ మూతబడి రోడ్డున పడ్డప్పుడు, నాకెందుకు రా బయటివాళ్లు అని ఈ స్టూలు వేసింది కూడా ఆ బావే. ఇప్పుడు ఈ నోరు తెరిస్తే ఎనిమిది కార్లూ పోతాయి. కార్లతో ఇల్లు పోతుంది. అక్క తనని ఒక్క మాట కూడా అనదు. అదే భరించడం కష్టం.

ఎదురుగా ఈవిడ నిలబడి ఉంది. తొందర పెట్టడం లేదు. పరీక్ష హాల్లో చివరి కుర్రాడు రాసేదాకా ఆగే టీచరులా ఆగింది.

బెంచీ మీద ఆ పిల్ల, కుడిచేత్తో ఎడమ మణికట్టు పట్టీని విప్పుతోంది, చుడుతోంది. మళ్లీ విప్పుతోంది.

గీతాచార్యులు కౌంటరు పలక ఎత్తి బయటికి వచ్చాడు.

హాలుకి అటువైపు నడవడానికి నలభై అడుగులు. దారిలో పక్క కౌంటరువాడు, ఏం ఆచార్లూ, ఇవాళ ఒక్క మాటా వదల్లేదే అన్నాడు. వినపడలేదు. బెంచీ దగ్గరికి వెళ్లి, మధ్యలో ఒక మనిషికి చోటు వదిలి కూర్చున్నాడు. వెనకే వచ్చిన తల్లి స్తంభం దగ్గర ఆగిపోయింది.

"అమ్మాయ్, నేను ఆ కౌంటరువాణ్ణి. ఆ రోజు మీ నాన్నగారికి కారు ఇచ్చింది నేనే."

పట్టీ విప్పుతున్న చెయ్యి ఆగింది.

"ఇచ్చేముందు కారు చూడాలి. చూడలేదు. చూశానని రాశాను. వెనక ఎడమ టైరు అరిగిపోయి ఉంది. అలాంటి టైరు మీద, ఆ వానలో, ఆ మలుపులో, ముప్ఫై ఏళ్లు నడిపినవాడికైనా బండి జారుతుంది. నువ్వు చేసింది ఏమీ లేదు. చెయ్యాల్సింది నేను. నేను చెయ్యలేదు. ఈ మాట నలభై రెండు రోజుల కిందటే వచ్చి చెప్పాలి. అదీ చెయ్యలేదు."

పుట్టి బుద్ధెరిగాక గీతాచార్యులు ఒక్క మాటకీ రెండో అర్థం లేకుండా మాట్లాడటం ఇదే మొదటిసారి.

నేల మీద ఎవరిదో బోర్డింగు కాగితం ముక్క పడి ఉంది, ఆ పిల్ల దాన్నే చూస్తోంది. తల్లి స్తంభం పట్టుకుంది. తరవాత ఆ పిల్ల తల ఎత్తకుండానే మాట్లాడింది. గొంతు వాడక బొంగురుగా ఉంది.

"నాకు తెలుసు అంకుల్."

"ఏం తెలుసు?"

"టైరు సంగతి." పట్టీ కొస వేలికి చుట్టుకుంది. "మీరూ నాన్నా మాట్లాడుకుంటున్నప్పుడు, సామాన్లు పెడదామని నేను ముందే యార్డులోకి వెళ్లాను. డ్రైవింగ్ స్కూల్లో నేర్పించారు, ఎక్కేముందు టైర్లు చూసుకోవాలని. కొత్త కదా, అన్నీ చేసేదాన్ని. వెనక ఎడమది నున్నగా ఉంది. చేత్తో కూడా చూశాను. అవతలి తలుపులోంచి లోపలికి వచ్చి చెప్పాను."

తల్లి స్తంభం వదిలేసి రెండడుగులు ముందుకు వేసింది. "ఎవరికే? ఎవరికి చెప్పావు?"

"మారుస్తాంలే అమ్మా, పది నిమిషాలు, నువ్వెళ్లి నాన్నగారిని తీసుకురా అన్నారు. మేం వచ్చేసరికి కారు అక్కడే ఉంది. మార్చేశారనుకున్నాను. నాన్న ఫొటో తీస్తానన్నారు, నిలబడ్డాను. టైరు పక్కనే నిలబడ్డాను." ఆ పిల్ల మొహం అప్పుడు పైకి లేచింది. "మళ్లీ వంగి చూడలేదమ్మా. ఒక్కసారి వంగితే తెలిసేది. అందుకే చెబుతున్నాను, నేనే అని."

తల్లి నోటి మీద చెయ్యి పెట్టుకుంది. ఇంత దూరం వచ్చి ఆ పిల్ల భుజం మీదినుంచి దింపుదామనుకున్న బరువు, ఇప్పుడు మొదటిసారి పూర్తిగా కనపడింది ఆవిడకి.

"ఎవరితో చెప్పావమ్మా?" అని అడిగాడు గీతాచార్యులు. అడగనవసరం లేదు. ఆ యార్డు నుంచి లోపలికి వచ్చే అవతలి తలుపు ఎవరి గదిలోకి తెరుచుకుంటుందో అతనికి తెలుసు. అయినా అడిగాడు, ఇంకెవరి పేరైనా వస్తుందేమోనని.

ఆ పిల్ల లేచి నిలబడింది. సగం విప్పిన పట్టీ మణికట్టు నుంచి వేలాడుతోంది. హాలు అడ్డంగా దాటి, కౌంటరు పక్కనుంచి, నేరుగా గాజు గది వైపు నడిచింది.

"ఎక్కడికే?" అంది తల్లి.

"మార్చారా అని అడుగుతాను."

లోపల బావ ఎవరితోనో ఫోన్లో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. తల్లిని అతను ఇవాళే మొదటిసారి చూశాడు. ఈ పిల్లని మాత్రం ఇదివరకు ఒకసారి చూశాడు. గాజుకి అవతల ఆ మొహం కనపడగానే నవ్వు ఉన్నచోటే ఆగింది. ఫోన్ చెవి మీదినుంచి జారింది.

గీతాచార్యులు పరుగెత్తాడు. అతను కౌంటరు చేరేసరికి ఆ పిల్ల తలుపు పిడి మీద చెయ్యి వేసింది. లోపల బావ లేచి, రెండంగల్లో తలుపు దగ్గరికి వచ్చి, గడియ పెట్టేశాడు.